చావు కబుర్ల కవరు

ములుంబి, సరస్సు ఒడ్డు
నవంబరు చివర

కోతిమాంసం తిని బలిసిన నా బెంబా తెగ మరదలు ప్రిస్కాకి, ఎలుకలు తిని బక్కచిక్కిన అంగోనీ తెగ బావ లేవిసన్ జెరె దీవెనలు.

మీ కొత్త మేనేజరు సిముకోండాగారు నాకో ఉత్తరం రాశారు. 'తీరవార్త' పత్రికకీ ప్రభుత్వ రేడియోకీ ఉన్న ఒప్పందం ఏమిటో రాతపూర్వకంగా తెలియజేయమని. మన ఒప్పందానికి రాత ఎక్కడ ఏడిచింది? నాది నాలుగు పేజీల సైక్లోస్టైల్ పత్రిక. ఈ ఊరు దాటితే దాన్ని చదివేవాడు లేడు. మీ రేడియో దీవులన్నిటికీ వినబడుతుంది, కానీ ఈ ఒడ్డున మీకు విలేకరి లేడు. అందుకని ప్రతి మంగళవారం బస్సు కండక్టరు చేతికి నేనొక కవరు ఇస్తాను. అందులో వార్తలూ, జనం నా దగ్గరికి తెచ్చిన చావు కబుర్లూ ఉంటాయి. నువ్వు సాయంత్రం వాటిని బెంబా భాషలో చదివి, 'తీరవార్త పంపినవి' అంటావు. ఆ ఒక్క ముక్కకే ఇక్కడ టీ కొట్టువాడు నన్ను చూసి బల్ల తుడుస్తున్నాడు. ఇదంతా ఆయనకి నువ్వే చెప్పు. నేను రాస్తే మధ్యలో తిట్లు కూడా దొర్లుతాయి.

ఇక అసలు సంగతి. కిందటి వారం 'కలుంగు' పడవ ఎక్కి దీవికి వెళ్ళొచ్చాను. పైన కొత్త పచ్చరంగు, నిగనిగలాడుతోంది. లోపల చీలమండల దాకా నీళ్ళు. ఇద్దరు మనుషులు దారి పొడుగునా గిన్నెలతో తోడుతూనే ఉన్నారు. నేను కూర్చున్నచోట చెక్కని వేలితో నొక్కితే, తడిసిన రొట్టెలోకి పోయినట్టు వేలు లోపలికి పోయింది.

ఇప్పుడు జనం పల్చగానే ఉంటారు. డిసెంబరులో చేపలవేట నిషేధం పెడతారు, దీవుల వాళ్ళంతా ఒడ్డుకొచ్చేస్తారు. మార్చి ఒకటిన నిషేధం ఎత్తేస్తారు. ఆ రోజు రేవు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? వలలు, కుండలు, మేకలు, చంటిపిల్లలు, అందరికీ ఆ ఒక్క పడవే దిక్కు. అది నడిసరస్సులో విచ్చుకుంటే కవరు పట్టనన్ని చావు కబుర్లు నీకు పంపాల్సొస్తుంది.

వార్త రాసి పెట్టాను. పడవ యజమాని కటోంగో మాజీ మంత్రి అని నాకు తెలుసు. తెలిసే రాశాను. చదువు.

నీ బావ
లేవిసన్


కసాంబా
డిసెంబరు

ఎలుకబోనుల బావగారికి,

ఒప్పందం గురించి సిముకోండాగారికి చెప్పాను. ఆయన తలూపారు. తలూపడం అంటే ఒప్పుకోవడమో, మెడనొప్పో తెలీలేదు.

చావు కబుర్లన్నీ చదివాను. లుపంబా వాళ్ళ ముసలమ్మ కబురులో మనవల పేర్లు ఇద్దరివి తారుమారయ్యాయట, మీ రేవు నుంచి ఫోనొచ్చింది. మర్నాడు మళ్ళీ చదివాను. వార్తల్లో ఒకటి మాత్రం చదవడం పడలేదు బావా. బస్సు పైకప్పు కారి కవరు తడిసింది, ఆ పడవ కాగితం మీద సిరా అంతా కారిపోయింది. మళ్ళీ పంపుతారేమో, తొందరేం లేదు. మార్చికి ఇంకా చాలా రోజులున్నాయి కదా.

ఇక్కడ వానలు దంచేస్తున్నాయి. మీ దగ్గర పుట్టగొడుగులు వచ్చాయా? కాస్త ఎండబెట్టి కండక్టరు చేతికివ్వండి. మీ చేతులతో వండి మాత్రం పంపకండి, ఏ ఎలుక వేశారో అని నాకు అనుమానం.

మీ మరదలు
ప్రిస్కా కపెంబ్వా


ములుంబి
జనవరి మొదట్లో

మరదలా,

నేను పెన్సిలుతో రాస్తాను. నాలుగేళ్ళుగా నా కాగితాలు నీ చేతికి వస్తున్నాయి, పెన్సిలు తప్ప ఇంకేదైనా చూశావా? పెన్సిలుకి సిరా ఎక్కడిది, కారడానికి?

అబద్ధం ఆడాల్సొస్తే నాతో ఆడకు. ముప్పయ్యేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, 'మేక నా పుస్తకం తినేసింది సార్' దగ్గర్నుంచి అన్నీ విన్నాను.

'కలుంగు' పడవ సరంగు బోనిఫస్ నీ తోడబుట్టినవాడని నాకు తెలుసు. నవంబరులోనే తెలుసు. నువ్వే చెబుతావేమో అని చూశాను. ఆ పడవ మునిగితే మొదట పోయేది వాడే. వెనక చుక్కాని దగ్గర నించున్నవాడు అందరూ దిగేదాకా దూకడు. మీ అన్న అసలే దూకడు, ఆ మనిషి సంగతి నాకు తెలుసు.

మళ్ళీ రాసి పెట్టాను. అదే పెన్సిలుతో. పుట్టగొడుగులు కూడా పెట్టాను, కోపంతోనే పెట్టాను.

లేవిసన్


కసాంబా
జనవరి

జెరెగారికి,

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తెలిసి కూడా రెండు నెలలు నా నోటి నుంచి రాబట్టాలని చూశారా? నేను మీ బళ్ళో పిల్లనా?

సరే వినండి. పడవ వార్త పెట్టిన మీ మొదటి కవరు వచ్చిన వారమే మా అన్న ఇక్కడికొచ్చాడు. మీరు చెక్కలు నొక్కి చూడటం వాడు చూశాడు. గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా, 'ప్రిస్కా, ఆ మాస్టారు రాసేది నువ్వు చదవకు' అన్నాడు. పడవ ఆపేస్తే కటోంగో వాడిని పనిలోంచి తీసేస్తాడు. ఈ వయసులో వేరే పడవ ఎవడిస్తాడు? 'నేను నీళ్ళు తోడించుకుంటూ నడుపుకుంటాలే, ఇన్నేళ్ళూ నడపలేదా' అన్నాడు. మా అమ్మానాన్నలు పోయాక నన్ను చదివించింది వాడు. చేపలమ్మి చదివించాడు. వాడి ముందు నాకు నోరు లేవలేదు. అందుకని సిరా కారింది.

మీ రెండో కాగితం వచ్చాక మూడు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత సిముకోండాగారి గదిలోకి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, 'పడవల ఇన్‌స్పెక్టరు సంతకం ఏది?' అన్నారు. ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశాను. వానలు తగ్గాక మేలో వస్తాడట. ఆ మాట చెబితే, 'అయితే మేలో చదువుదాం' అన్నారు. మార్చిలో మునిగే పడవ గురించి మేలో చదవాలట. నేను గట్టిగా మాట్లాడాను. ఆయన ఇంకా గట్టిగా మాట్లాడారు. ఇంకొకసారి ఆ పడవ పేరెత్తితే 'తీరవార్త' కవరు గేటు దగ్గరే ఆపించేస్తారట, చావు కబుర్లతో సహా.

చావు కబుర్లు ఆగిపోతే దీవుల్లో ఎవరు పోయారో ఎవరికి తెలుస్తుంది బావా? ఖననానికి ఎవరు వస్తారు? అందుకని నోరు మూసుకుని వచ్చేశాను.

మీ పత్రికలోనే పెద్దక్షరాలతో వెయ్యండి. రేవులో మీరే పంచండి. నా వల్ల కాలేదు.

ప్రిస్కా


ములుంబి
ఫిబ్రవరి

మరదలా,

నువ్వు కోప్పడ్డావు, బాగుంది. బావా అని చివర్లోనైనా వచ్చింది, ఇంకా బాగుంది.

పత్రిక మొదటి పేజీ అంతా ఆ పడవే వేశాను. రేవుకెళ్ళి నా చేతులతో పంచాను. చేపలమ్మే ఆవిడ తీసుకుని, అక్కడే నా కళ్ళ ముందే, చిసెన్సె చేపలు పొట్లం కట్టి ఇంకొకావిడకి ఇచ్చింది. 'ఇందులో పడవ గురించి రాశానమ్మా' అన్నాను. 'నిజమైతే రేడియోలో చెప్పేవారు కదా మాస్టారూ' అంది. వెటకారం కాదు. నా మీద జాలిపడి చెప్పింది.

ఈ నమ్మకం మనిద్దరం కలిసే పెంచాం. రేడియోలో నీ గొంతు వింటే చాలు, వలలు బాగుచేసుకునేవాడు కూడా చెయ్యి ఆపి వింటాడు. చివర్లో నువ్వనే ముక్క, 'విన్నవాళ్ళు విననివాళ్ళకు చెప్పండి', ఇక్కడ పిల్లలు ఆటల్లో కూడా అంటారు. ఇప్పుడు నువ్వు చెప్పనిది ఏదీ జరగనట్టే లెక్క.

ఉత్తరం ఇక్కడిదాకా రాసి భోజనానికి లేచాను. ఈలోగా కబురొచ్చింది. కటోంగో పోయాడు. నిద్రలోనే పోయాడట, అదృష్టవంతుడు. మంత్రి చేసినవాడు కదా, ఖననం మీ రేడియో నేరుగా వినిపిస్తుందనీ, మైకు పట్టుకుని నువ్వే వస్తున్నావనీ పోస్టాఫీసులో చెప్పారు.

మరదలా, ఆయన బెంబా. నేను అంగోనీని. తాతల నాడు మనవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని, అలిసిపోయి, చివరికి బావాబామ్మర్దులం అనుకున్నారు. ఆ చుట్టరికంలో నాకున్న హక్కు నీకు తెలుసు. శవం ముందు బావ ఏమన్నా ఎవరూ కోప్పడకూడదు. ఆయన కొడుకూ కోప్పడకూడదు, నీ మేనేజరూ కోప్పడకూడదు, ఏ కోర్టూ అడగకూడదు.

నువ్వేం మాట్లాడక్కర్లేదు. మైకు నా నోటికి దగ్గరగా పెట్టు. అంతే.

నీ బావ


కసాంబా
ఫిబ్రవరి, మూడో వారం

బావగారికి,

మైకు పెట్టాను. మీరు తెల్లచొక్కాతోనే గోతిలోకి దిగి పడుకున్నారు. 'ఈ చోటు నాది, బెంబాలకి ఇవ్వను, నాకేదైనా పెడితేగాని లేవను' అని మొండికేశారు. అక్కడే జనం సగం నవ్వేశారు. తర్వాత లేచి నించుని, గోతి అంచున ఉన్న శవపెట్టె మీద తట్టారు. ఆ మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

'కటోంగో బావా, నీ పెట్టె చూడు, ఎంత గట్టి చెక్కతో చేయించావు. ఒక్క చుక్క నీరు లోపలికి రాదు. పుచ్చుచెక్కలన్నీ పడవకి మిగిల్చావా? మార్చి ఒకటిన ఊరంతా ఆ పడవెక్కి తిన్నగా నీ దగ్గరికే వస్తోంది. పైన చోటు చూసి పెట్టు. చాపలు వేయించు.'

సరస్సు సరస్సంతా విన్నది. నేను ఇక అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

అందరూ నవ్వారు బావా. కటోంగో కొడుకు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. సిముకోండాగారు చప్పట్లు కొట్టారు, తిరుగుదారిలో జీపులో 'చాపలు వేయించు' అని నాలుగుసార్లు తలుచుకున్నారు. 'మీ అంగోనీ ఘటికుడమ్మా' అన్నారు. ఆయనకి కోపం రాలేదు. రావాల్సిన కోపం రాకపోవడం చూస్తే నాకు భయమేసింది.

మా అన్న కూడా అక్కడే ఉన్నాడు. వాడి దగ్గరికెళ్ళి, 'విన్నావా?' అన్నాను. 'విన్నానే, కడుపు చెక్కలయింది' అన్నాడు. 'అది నిజం కదా' అన్నాను. వాడు నా వైపు చూడకుండా, 'ఖననంలో బావ అన్న మాటని నిజమని పట్టుకుంటారా ఎవరైనా' అన్నాడు.

బావ మాటకి కోపం తెచ్చుకోకూడదు, అంతవరకు మీరు చెప్పింది సరే. నమ్మక్కర్లేదు కూడా అని మనిద్దరికీ తట్టలేదు. రేవు నుంచి ఫోన్ చేసినవాళ్ళు చెప్పారు, జనం ఇప్పటికే మూటలతో వచ్చి రేవులో పడుకుంటున్నారట. ఎక్కడానికి వంతు పెట్టుకుని, 'చాపలు వేయించావా' అని ఒకళ్ళనొకళ్ళు పలకరించుకుంటున్నారట.

నిజాన్ని మనమే నవ్వులాట చేసి పారేశాం. ఇప్పుడు మామూలుగా చెప్పినా నవ్వుతారు. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. పడవల మీద నాకు అధికారం లేదు, మా అన్న మీదా లేదు. ఉన్నది ఒక్క గొంతు. అది కూడా అద్దె గొంతే.

ప్రిస్కా


ములుంబి
మార్చి మొదట్లో

మరదలా,

నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. చూసినవాణ్ణి నేనున్నాను.

నిషేధం ఎత్తేసే ముందు రోజు సాయంత్రం నేను రేవులోనే ఉన్నాను. జనం కాలు పెట్టే సందు లేదు. సగం మంది అప్పటికే పడవలో చోటు పట్టుకుని కూర్చున్నారు. వెళ్ళి బతిమాలాను. 'మాస్టారూ, మీకూ చాప వేశాం రండి' అన్నారు. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే.

ఆరింటికి రేడియోలు పెట్టారు. చావు కబుర్లు మొదలయ్యాయి. ఎప్పటిలాగే మాటలు ఆగిపోయాయి. టోపీలున్నవాళ్ళు టోపీలు తీశారు. నువ్వు నేను పంపినవన్నీ చదివావు, పేర్లు ఒక్కటి కూడా తప్పలేదు. 'తీరవార్త పంపినవి' అన్నావు. అక్కడ ఆగాలి. ఆగలేదు.

'ఇవి ఈ రోజు చావు కబుర్లు. రేపటివి చదవాల్సిన పని నాకు పడకూడదని ఒక మాట చెబుతున్నాను. కలుంగు పడవ అడుగు చెక్కలు పుచ్చిపోయాయి. ఇది బావ పరిహాసం కాదు. ఆ పడవ సరంగు బోనిఫస్ కపెంబ్వా నా తోడబుట్టినవాడు. ఈ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అన్నా, తాడు విప్పకు. నీ పేరు నా నోటితో ఇక్కడ చదివించకు. విన్నవాళ్ళు విననివాళ్ళకు చెప్పండి.'

అదే గొంతుతో చెప్పావు. పైకి పోలేదు, కిందికి పోలేదు. చనిపోయినవాళ్ళ పేర్లు చదివే గొంతుతోనే మీ అన్న పేరు చదివావు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ కదలనూ లేదు. అందరూ చుక్కాని వైపు చూశారు. మీ అన్న అక్కడే నించుని ఉన్నాడు, చెయ్యి చుక్కాని మీదే. తర్వాత వంగి తన కంబళి చుట్టాడు. టీ కాచుకునే గిన్నె తీసుకున్నాడు. వాడు రాత్రిళ్ళు పడవలోనే పడుకుంటాడని నీకు తెలుసు కదా, ఆ కంబళి దిగడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. దాన్ని చంకలో పెట్టుకుని, జనం మధ్య దారి చేసుకుంటూ దిగే పలక మీదుగా ఒడ్డుకొచ్చాడు. నా పక్కనుంచే వెళ్ళాడు, నా వైపు చూడలేదు.

అది చూశాక ఒక ముసలావిడ లేచి మనవరాలిని వీపుకి కట్టుకుని దిగింది. ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. తెల్లారేసరికి పడవ ఖాళీ. దీవులకి చిన్న డోంగీ పడవలు మాట్లాడుకుని కొద్దికొద్దిమందిగా వెళ్తున్నారు.

నీకేమైందో రాయి. కండక్టరుని రోజూ అడుగుతున్నాను, వాడు విసుక్కుంటున్నాడు.

నీ బావ


కసాంబా
మార్చి, రెండో వారం

బావా,

నాకేం కాలేదు, బదిలీ అయింది. ఎక్కడికో తెలుసా? తూర్పుకి. మీ అంగోనీల నడిమధ్యకి. సిముకోండాగారు దాన్ని శిక్ష అనుకుంటున్నారు, అక్కడ నాకు ఎన్ని వేలమంది బావలు కాచుకుని ఉన్నారో ఆయనకి తెలీదు. వెళ్ళగానే ఎలుకలు వండి పెడతారేమో, అదొక్కటే బెంగ.

ఆ రోజు ఆయన స్టూడియో అద్దం అవతలే ఉన్నారు. నేను ఆగకుండా చదువుతుంటే లేచి తలుపు దగ్గరికొచ్చారు. గొళ్ళెం మీద చెయ్యి పెట్టారు. తీయలేదు. చావు కబుర్లు చదివేటప్పుడు ఆ తలుపు ఎవరూ తీయరు బావా, రేడియో పెట్టిన నాటి నుంచీ తీసినవాళ్ళు లేరు. ఆయన వాళ్ళమ్మ చావు కబురు కూడా నేనే చదివాను, పోయిన ఏడు. నేను బయటికొచ్చాక అరిచారు. నోరు పడిపోయేదాకా అరిచారు. ముందు మాత్రం తలుపు తీయలేదు.

ఇప్పుడు చెప్పండి, పడవ ఏమైంది? అది చక్కగా తేలుతూ ఉంటే నేను అబద్ధాలకోరుని. మా అన్న అన్నం పోగొట్టినదాన్ని. వాడు ఉత్తరం రాయలేదు. రాయడని తెలుసు. అయినా రోజూ గేటు దగ్గరికి వెళ్ళి చూస్తున్నాను.

బ్రతికున్నవాడి పేరు ఆ గొంతుతో చదవడం తప్పే. వాడు నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు, కోపంగా బ్రతికి ఉంటే చాలు అనుకున్నాను. అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు రాత్రిళ్ళు అంత ధైర్యంగా లేదు.

మీ మరదలు


ములుంబి
మార్చి చివర

అంగోనీ గడ్డ మీద అడుగుపెట్టిన మరదలికి,

అక్కడ ఎవరైనా నిన్ను కోతి అంటే లేవిసన్ జెరె మరదలిని అని చెప్పు. ఇంకా ఎక్కువ అంటారు.

పడవ సంగతి అడిగావు. కటోంగో కొడుక్కి పంతం వచ్చింది. ఎక్కేవాళ్ళు లేకపోతే సరుకైనా పంపుతానని ఉప్పు బస్తాలు నింపి, వేరే ఊరి సరంగుని తెచ్చాడు. గాలి కూడా పెద్దగా లేదు. జమ్ము దుబ్బుల దాకా వెళ్ళింది, అక్కడ అడుగు విచ్చుకుంది. లోపలున్న ముగ్గురూ దుబ్బులు పట్టుకుని వేలాడితే డోంగీల వాళ్ళు తెచ్చారు. ఉప్పు మాత్రం సరస్సుకి పోయింది. రేవులో ఆ రోజు 'చాపలు' అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ మంగళవారం. రేడియోకి పంపే కవరు తీసుకుని కూర్చున్నాను. ఏటా ఈ రోజుల్లో ఆ కవరు మూత పడదు. ఇవాళ బోర్లా వంచి దులిపాను, ఒక్క కాగితం రాలలేదు. ఒడ్డు నుంచి గానీ దీవుల నుంచి గానీ ఎవరూ పోలేదు. ఖాళీ కవరు ఎలా పంపాలో తెలీక బల్ల మీద పెట్టుకుని చూస్తూ ఉన్నాను.

అప్పుడు గుమ్మంలోకి మీ అన్న వచ్చాడు. ఆ రోజు తర్వాత నా ముఖం చూడటం ఇదే మొదటిసారి. ఇప్పుడు చేపలు ఎండబెట్టే పని చేస్తున్నాడు, చిక్కాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కవరు వైపు చూశాడు.

'అందులో ఏం లేదా?' అన్నాడు.

'ఏం లేదు' అన్నాను.

తర్వాత చొక్కాలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. నా పత్రిక మొదటి పేజీలోనే చుట్టాడు, పడవ వార్త పైకి కనబడేలా. 'ఖాళీగా పంపడం ఎందుకు, ప్రిస్కాకి చిసెన్సె చేపలంటే ఇష్టం' అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

ఈ వారం రేడియోకి కవరు లేదని కబురు చేశాను. ఆ కవరు నీకే పంపుతున్నాను. విప్పేటప్పుడు జాగ్రత్త, తూర్పు బస్సులో రెండు రోజులు ప్రయాణం కదా, వాసన గట్టిగానే ఉంటుంది.

నీ బావ
లేవిసన్